కొత్త ఆర్థికమంత్రిగారికి ఖజానా చిట్కాలు

మంత్రిగారూ, ప్రమాణ స్వీకారం నాటి శాలువాలు ఇంకా మడతపెట్టకముందే ఆర్థిక కార్యదర్శి తమరి గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, అసలు సంగతి చెప్పేసే ఉంటాడు. ఖజానాలో ఏమీ లేదు. ఒకటో తారీఖు జీతాలు, పింఛన్లు, కాంట్రాక్టర్ల బిల్లులు, తమరే మైకు పట్టుకుని ఊరూరా ఇచ్చిన హామీలు, అన్నీ గుమ్మం ముందు వరస కట్టి ఉన్నాయి. తమరికి ఈ శాఖ కొత్త. చాలామంది మంత్రుల వెనక ఫైళ్లు మోసిన అనుభవం కొద్దీ నాలుగు సలహాలు మనవి చేసుకుంటాను. వీటిలో ఒక్కటి కూడా నా సొంత తెలివి కాదు. అన్నీ ఈ దేశంలో ఎక్కడో ఒకచోట దివ్యంగా నడుస్తున్నవే.

ముందుగా పన్ను పెంచుదామన్న ఆలోచన మానుకోండి. ఆదాయపు పన్ను ఢిల్లీది. జీఎస్టీ రేటు కౌన్సిల్ చేతిలో ఉంది. ఆస్తి పన్ను ముట్టుకుంటే కాలనీ సంక్షేమ సంఘాలు వినతిపత్రాలతో దిగుతాయి, వాటిలో సగం సంతకాలు రిటైరైన జడ్జీలవీ ఐఏఎస్‌లవీ ఉంటాయి. భూముల రిజిస్ట్రేషన్ విలువ పెంచితే ప్రతిపక్షం దాకా అక్కర్లేదు, తమరి ఎమ్మెల్యేలే తమరి మీద పడతారు. ఇక కరెంటు చార్జీల జోలికి వెళ్తే ఏమవుతుందో 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో చూశాం. పోలీసు కాల్పుల్లో ముగ్గురి ప్రాణాలు పోయాయి. ఆ మచ్చ పాతికేళ్లయినా ఇంకా చెరగలేదు.

ఇప్పుడు కేరళ వైపు చూడండి. అక్కడ ప్రభుత్వం రోజూ అమ్మే లాటరీ టికెట్టు ధర 2025లో 40 రూపాయల నుంచి 50 అయింది. ఒక్క దెబ్బన నూటికి పాతిక పెంపు! బస్సు అద్దం ఒక్కటి పగల్లేదు. సచివాలయం ముందు టెంటు వెయ్యలేదు. మర్నాడు పొద్దున్నే జనం వచ్చి, యాభై నోటు తీసి, నంబరు ఏరి మరీ కొనుక్కున్నారు. పన్ను వేసే ప్రభుత్వానికి ఇంతకంటే కావలసిందేముంది?

కాబట్టి తమరు పేదవాణ్ని ఏమీ అడగొద్దు. అమ్మండి. అడిగితే ఎందుకివ్వాలంటాడు. అమ్మితే చిల్లర ఉంచుకోమంటాడు.

ఇక్కడ తమరికి ఒక ధర్మసందేహం రావచ్చు. జూదం తప్పు కదా, చట్టం ఒప్పుకుంటుందా అని. ఒప్పుకోవడమేమిటి, చట్టం తమరి కోసమే రాసిపెట్టి ఉంది. జూదాన్ని మామూలు వ్యాపారంగా చూడటానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1957లోనే చమర్‌బాగ్‌వాలా కేసులో చెప్పేసింది. లాటరీ దుకాణం పెట్టినవాడికి ఆరు నెలల దాకా జైలని పాత శిక్షాస్మృతి 294ఏ సెక్షన్ అన్నది, ఇప్పటి న్యాయసంహిత 297వ సెక్షన్ కూడా అదే అంటోంది. అయితే రెండింటిలోనూ ఒక చిన్న మినహాయింపు ఉంది: రాష్ట్ర ప్రభుత్వం నడిపే లాటరీ అయితే ఫర్వాలేదు. అంటే పాపమంతా దుకాణం ఎవరిదన్న దాంట్లో ఉందన్నమాట.

కనుక క్రమం తప్పకండి. ముందు జూదాన్ని గట్టిగా తిట్టాలి, పక్కవాడి దుకాణం మూయించాలి, ఆ తర్వాత తమరి దుకాణం తెరవాలి. కేరళ 1967లో చేసింది అచ్చంగా ఇదే. ప్రైవేటు లాటరీలను నిషేధించారు, వెంటనే ప్రభుత్వ లాటరీ పెట్టారు. దేశంలో ఏ రాష్ట్ర ప్రభుత్వమైనా లాటరీ శాఖ తెరవడం అదే మొదలు. ఆర్థికమంత్రి పి.కె. కుంజు, ముఖ్యమంత్రి ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్. టికెట్టు రూపాయి, మొదటి బహుమతి 50 వేలు, మొదటి డ్రా 1968 జనవరి 26న. గణతంత్ర దినోత్సవం నాడే! కార్మికుల పార్టీ పెట్టిన పథకం కావడం దీనికి పెద్ద దీవెన. ఎడమవాళ్లు పెట్టారు, తర్వాత వచ్చిన అవతలివాళ్లు పెంచారు, మళ్లీ ఎడమవాళ్లు వచ్చి ఇంకా పెంచారు. ప్రతి విషయానికీ హర్తాళ్ చేసుకునే రాష్ట్రంలో రెండు కూటములకూ అరమరికలు లేకుండా ఒప్పందం కుదిరిన విషయం ఇదొక్కటే అనిపిస్తుంది.

మన దగ్గర పేకాట మీద దాడులు మాత్రం ఆపించకండి. జిల్లా ఎడిషన్‌లో ఆ ఫోటో రోజూ రావాలి. వెనక తలలు వంచుకుని ఆరుగురు లుంగీల మనుషులు, ముందు బల్ల మీద పేకముక్కలు విసనకర్రలా పరిచి, పక్కన సెల్‌ఫోన్లు వరసగా పేర్చి, 4,320 రూపాయల నగదు కట్ట, అటూ ఇటూ ఎస్సైగారూ కానిస్టేబుళ్లూ. తుమ్మచెట్టు కింద ఆడినవాళ్లు తమలో తాము డబ్బు మార్చుకున్నారు, ప్రభుత్వానికి అందులో పైసా రాలేదు. అదీ నేరం. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. కేంద్రం 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ కట్టడి చేసింది, కుటుంబాలు కూలిపోతున్నాయని. నెల తిరక్కుండానే ప్రభుత్వ లాటరీల మీద పన్ను వాటా పెంచుకుంది. ఈ రెండు వార్తలనూ ఒకే పేజీలో వెయ్యకుండా చూసుకోవడం తమరి పౌరసంబంధాల అధికారి పని.

పేర్ల విషయంలో పిసినారితనం వద్దు. కేరళలో వారానికి ఏడు రోజులు, ఏడు టికెట్లు. సోమవారం భాగ్యతార, మంగళవారం స్త్రీశక్తి, బుధవారం ధనలక్ష్మి, గురువారం కారుణ్య ప్లస్, శుక్రవారం సువర్ణ కేరళం, శనివారం కారుణ్య, ఆదివారం సమృద్ధి. చదువుతుంటే లలితా సహస్రం వింటున్నట్టుంటుంది. తమరు మాత్రం పథకాల పుణ్యమాని లక్ష్ములందరినీ ఇప్పటికే వాడేశారు. అధికార భాషా సంఘంవారిని కూర్చోబెట్టి కొత్తవి పుట్టించండి. బడ్జెట్ పుస్తకంలో ఈ రాబడి ఎక్కడ చూపించాలన్న బెంగ కూడా అక్కర్లేదు. అకౌంట్స్‌వాళ్లు దానికి ఎప్పుడో చోటు చూసిపెట్టారు: పన్నేతర ఆదాయం, ఇతర సాధారణ సేవలు. ఆ సేవ విలువ కేరళలో ఏటా 12 వేల కోట్ల రూపాయలకు అటూ ఇటూగా ఉంది. చంటిపిల్లల్ని కూడా లెక్కేసుకుంటే మనిషికి దాదాపు మూడున్నర వేల రూపాయల టికెట్లు అమ్ముతున్నారు. అందులో బహుమతులూ కమీషన్లూ పోను మిగిలేది తక్కువేనని అక్కడి మంత్రులు ఎప్పుడూ మొత్తుకుంటూనే ఉంటారు. తమరూ మొత్తుకోండి. మిగలనిదాన్ని ఎందుకు నడుపుతున్నారని అడిగేంత దూరం ఎవరూ వెళ్లరు.

డ్రా రోజూ జరగాలి. ఏడాదికొక్కసారి అయితే ఓడినవాడికి ఆలోచించుకోవడానికి పదకొండు నెలల ఇరవై తొమ్మిది రోజులు దొరుకుతాయి. అంత తీరిక పేదవాడికి ఇవ్వకూడదు. తిరువనంతపురంలో బేకరీ జంక్షన్ దగ్గర గోర్కీ భవన్‌లో మధ్యాహ్నం మూడింటికి మీట నొక్కుతారు. నాలుగున్నరకల్లా ఫలితం టీకొట్టుకి చేరుతుంది. అప్పటికే అదే బల్ల మీద రేపటి టికెట్టు ఉంటుంది. పోయిందన్న బాధకీ, మళ్లీ కొనడానికీ మధ్య గ్లాసు టీ పట్టేంత వ్యవధి చాలు. 1998 నాటి కేంద్ర లాటరీల చట్టం ఏడాదికి ఆరు బంపర్లకు మించొద్దంది. కేరళవాళ్లు ఎంతో విధేయంగా ఆరే పెట్టారు: క్రిస్మస్, వేసవి, విషు, వర్షాకాలం, ఓణం, పూజ. తమరికి సంక్రాంతి, ఉగాది, బోనాలు, దసరా ఎలాగూ ఉన్నాయి, మిగతా రెండూ మతసామరస్యం కింద సర్దండి.

బహుమతుల లెక్క మాత్రం జాగ్రత్తగా వెయ్యాలి. అందులోనే మర్మమంతా ఉంది. ఒకే ఒక్కడికి కోటి ఇచ్చి ఊరుకుంటే మిగతావాళ్లు మూడు నెలల్లో చల్లబడతారు. కోటి పోస్టరు మీద ఉండాలి, వందా రెండొందలూ ఐదొందలూ ఊళ్లో తిరగాలి. కేరళ టికెట్టుకి ఆరంకెల నంబరు, ముందు రెండక్షరాల సిరీస్ ఉంటాయి. చిన్న బహుమతులన్నీ చివరి నాలుగంకెలు చూసి ఇస్తారు. దానివల్ల టీకొట్టులో పదిమంది పేపరు మీద పడి వేలితో వెతుకుతుంటే, ఒకడికి నాలుగంకెల్లో మూడు కలుస్తాయి. ‘అబ్బ, ఒక్క అంకెలో పోయింది’ అంటాడు. పోయింది ఒక్క అంకె కాదు, యాభై రూపాయలని ఎవరూ అనరు. ఆ ఒక్క అంకె తేడా వాణ్ని రేపు మళ్లీ తీసుకొస్తుంది. మొదటి బహుమతి నంబరు అచ్చంగా కలిసి, సిరీస్ అక్షరం మాత్రం తప్పినవాడికి కొన్ని వేలు ఓదార్పు బహుమతి. ఓదార్పు! కోటి రూపాయలు పక్క అక్షరంలో పోయినవాణ్ని ప్రభుత్వం వీపు నిమిరి పంపిస్తుంది.

వందా ఐదొందలూ తగిలినవాడు ట్రెజరీకి రావాల్సిన పనిలేకుండా చూడండి. కేరళలో ఐదు వేల దాకా ఏ లాటరీ దుకాణంలోనైనా తీసుకోవచ్చు. దుకాణందారు నోటు చేతికిస్తూనే ఇంకో టికెట్ల మడత ముందుకు జరుపుతాడు. కొందరు ఆ డబ్బుని అసలు కళ్ల చూడరు, టికెట్లుగానే మార్చుకుంటారు. ఇంకా ముదిరినవాళ్లు చివరి నాలుగంకెలు ఒకేలా ఉన్న టికెట్లు పన్నెండు కలిపి ‘సెట్టు’గా కొంటారు. ఆరొందల రూపాయలు. ఇలాంటివాళ్లే తమరి అసలైన పన్ను చెల్లింపుదారులు, వీళ్లకి స్వాతంత్ర్య దినోత్సవం నాడు ప్రశంసాపత్రాలు ఇచ్చినా తప్పులేదు.

టికెట్టు వెనక నియమాలు అచ్చు వేయించండి, గెలిచే అవకాశం ఎంతో మాత్రం వేయించకండి. పన్నెండు సిరీస్‌లు, ఒక్కో సిరీస్‌లో తొమ్మిది లక్షల నంబర్లు అనుకుంటే, 1 కోటి 8 లక్షల టికెట్లలో ఒకదానికి మొదటి బహుమతి. రోజుకొక టికెట్టు తప్పకుండా కొనేవాడికి సగటున ఒకసారి తగలాలంటే 29,600 ఏళ్లు కావాలి. గుహలో ఉన్నప్పుడే మొదలుపెట్టి ఉండాల్సింది. ఎక్కువ టికెట్లు కొంటే గెలుస్తామనుకునేవాళ్లకు, ఎక్కువ కొన్నకొద్దీ నష్టం ఖాయమవుతుందని ఆడమ్ స్మిత్ రెండున్నర శతాబ్దాల కిందటే లెక్కచెప్పాడు. ఆయన పుస్తకం తమరి కార్యదర్శి ఐఏఎస్ పరీక్షకి చదివే ఉంటాడు. కొనేవాడు చదవలేదు, ఆ తేడా మీదే పథకం నడుస్తుంది.

ఇంతకీ ఇది ఎవరి మీద ఎంత పడుతుందో ఒక్కసారి చూసుకోండి, బయట మాత్రం చెప్పకండి. రోజుకొక 50 రూపాయల టికెట్టంటే ఏడాదికి 18,250. రోజుకి 900 కూలి తెచ్చుకునే తాపీమేస్త్రీకి అది ఇరవై రోజుల చెమట. నెలకి లక్ష జీతగాడికి ఐదున్నర రోజుల ఆఫీసు. ఐదు లక్షలవాడికి ఒక రోజు. అయితే ఐదు లక్షలవాడు టికెట్టు కొనడు, మ్యూచువల్ ఫండు కొంటాడు. అందుకే ఈ రాబడి అంత నికరంగా ఉంటుంది. ధనవంతుడి మీద ఎక్కువ, పేదవాడి మీద తక్కువ పన్ను ఉండాలని పాఠ్యపుస్తకాల్లో రాసినవాళ్లకి ధనవంతుడి ఆడిటర్ ఎలా ఉంటాడో తెలియదు. పేదవాడికి ఆడిటర్ లేడు. మినహాయింపులు లేవు, 80సీ లేదు, రిటర్ను లేదు, వాయిదా లేదు. వసూలు ఖర్చు కూడా కొనేవాడే పెట్టుకుంటాడు.

ఢిల్లీవాళ్లు ఈ సంగతి తమరికంటే ముందే గ్రహించారు. లాటరీ మీద జీఎస్టీ 2020 మార్చి నుంచి 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. టికెట్టు ముఖవిలువలోనే పన్ను కలిసి ఉంటుంది కాబట్టి 50 రూపాయల్లో 14 రూపాయల 28 పైసలు నేరుగా జీఎస్టీ. బంగారం మీద ఎంతో తెలుసుగా? మూడు శాతం. నలభై శాతం గదిలో లాటరీ టికెట్టుకి తోడుగా ఎవరున్నారో చూస్తే ముచ్చటేస్తుంది: సొంత విహారనౌకలు, సొంత విమానాలు. కేరళలోని పెరుంబావూరు ప్లైవుడ్ ఫ్యాక్టరీలో పనిచేసే బెంగాలీ కుర్రాడు, పన్ను విషయంలో సొంత విమానమున్న షావుకారు పక్క సీట్లో కూర్చున్నాడు. సమానత్వం ఇంత త్వరగా వస్తుందని ఎవరనుకున్నారు?

డబ్బు లోపలికి వచ్చేటప్పుడే కాదు, బహుమతిగా బయటికి వెళ్లేటప్పుడూ తలుపు దగ్గర ఒకణ్ని నిలబెట్టండి. 2022 ఓణం బంపర్ 25 కోట్లు. ఐదొందల రూపాయల టికెట్లు 66 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి, అంటే 330 కోట్లు. గెలిచింది తిరువనంతపురం ఆటోడ్రైవరు. ఏజెంటు కమీషను నూటికి పది, మిగిలినదాంట్లో నూటికి ముప్పై ఆదాయపు పన్ను కోసి 15 కోట్ల 75 లక్షలు ఇచ్చారు. ఆ మీదట సర్‌చార్జీ, సెస్సు అంటూ ఇంకో రెండు కోట్ల ఎనభై లక్షల పైచిలుకు. చివరికి మిగిలింది దాదాపు 13 కోట్లు. అవీ తక్కువేం కాదనుకోండి. కానీ వారం తిరక్కుండానే ఆయన, ఈ బహుమతి రాకపోయినా బాగుండేదని బాహాటంగా చెప్పుకున్నాడు. అప్పులడిగేవాళ్లు, సాయమడిగేవాళ్లు, ఇల్లు మారినా వదిలేవాళ్లు కాదట. ప్రభుత్వం వెంటనే మేల్కొంది. బంపర్ విజేతలకు డబ్బు ఎలా దాచుకోవాలో ఒకరోజు శిక్షణ తరగతి పెట్టింది. ఓడిన లక్షల మందికి ఏ శిక్షణా పెట్టలేదు. వాళ్ల దగ్గర దాచుకోవడానికేముంది?

ఎవరికి అమ్మాలన్నది తమరి రాజకీయ చతురతకు పరీక్ష. ఓటులేనివాడు అన్నిటికంటే మేలు. బెంగాలు, అస్సాము, ఒడిశాల నుంచి కేరళకు వలసొచ్చిన కూలీలు అక్కడ టికెట్టు కొంటారు, ఓటు వాళ్ల ఊళ్లో ఉంటుంది. 2016లో కోళికోడ్‌లో అలాంటి బెంగాలీ కూలీ ఒకడికి కోటి తగిలితే, టికెట్టు ఎవరైనా లాక్కుంటారన్న భయంతో నేరుగా పోలీసు స్టేషనుకి వెళ్లి కూర్చున్నాడు. ఆ ఫోటో చేసిన ప్రచారం ఏ ప్రకటనా చెయ్యలేదు. పక్క రాష్ట్రం వాళ్లనూ మర్చిపోకండి. తమిళనాడు 2003లో లాటరీలను నిషేధించింది. అప్పటినుంచి సరిహద్దున వాళయార్‌లో కేరళ టికెట్ల దుకాణాలు కిటకిట. నిషేధించినందుకు మంచిపేరు తమిళనాడుకి, రాబడి కేరళకి. మనకీ రెండు రాష్ట్రాలున్నాయి. నాగార్జునసాగర్‌కి ఇటువైపు నిషేధం, అటువైపు దుకాణం పెడితే నీళ్ల పంపకంలో కుదరనిది ఇక్కడ కుదిరిపోతుంది.

అమ్మేవాడెవరన్నది ఇంకా ముఖ్యం. గట్టిగా, ఆరోగ్యంగా ఉన్నవాడికి ఏజెన్సీ ఇస్తే జనం బేరం చేస్తారు, పొమ్మంటారు. కాలు లేని మనిషికి ఇవ్వండి. మూడు చక్రాల బండికి గొడుగు కట్టి, అట్టకి క్లిప్పులతో టికెట్లు గుచ్చి, బస్టాండు గేటు దగ్గర పొద్దున ఏడింటికే ఉంటాడు. బస్సు దిగినవాడు వద్దనుకుంటూనే వస్తాడు. ఆ మనిషి ఏమీ అనడు, అట్ట కాస్త పైకెత్తుతాడంతే. యాభై తీసి ఇచ్చేస్తారు. కొన్నది జూదమైనా చేసింది ధర్మమన్న తృప్తితో ముందుకు పోతారు. భర్త పోయినావిడ, మంచి రోజులు అయిపోయిన ముసలాయన, వీళ్లందరినీ చేర్చుకోండి. ఎప్పుడైనా ఎవడో ప్రొఫెసరు లాటరీ పేదవాడి మీద పన్ను అని వ్యాసం రాస్తే, తమరు సభలో లేచి గద్గద స్వరంతో ఒకే ప్రశ్న వెయ్యండి: ‘ఇంతమంది వికలాంగ సోదరుల పొట్టకొట్టమంటారా, అధ్యక్షా?’ ప్రొఫెసరు ఇంటికెళ్లిపోతాడు. వికలాంగుడికి పింఛను పెంచితే ఖజానాకి ఖర్చు. టికెట్లిస్తే రాబడి. అమ్ముడుపోని టికెట్టు వెనక్కి తీసుకునేది లేదని ముందే రాసేయండి, మిగిలితే నష్టం కొన్న ఏజెంటుది, కిందకి కిందకి వెళ్లి ఆ బండి మీద మనిషిది. ప్రభుత్వానికి ఓడిపోయే అవకాశమే లేని జూదం ఇది.

వీటన్నిటికీ పైన ఒక పుణ్యకార్యం పెట్టాలి. కేరళలో 2011-12 ప్రాంతంలో ఆర్థికమంత్రి కె.ఎం. మాణి కారుణ్య లాటరీ తెచ్చి, ఆ వచ్చినదాంతో పేదల క్యాన్సరు, గుండె, కిడ్నీ జబ్బులకు వైద్యసాయం పెట్టారు. ఎంతోమందికి ప్రాణాలు నిలిచాయి, అందులో సందేహం లేదు. తమరు గమనించాల్సింది దీనిలో ఉన్న నేర్పుని. ఒక పేదవాడి డయాలసిస్‌కి ఇంకో పేదవాడి యాభై రూపాయలు సరిపోతున్నాయి. మధ్యలో ఉన్నవాడి భూమి విలువ, పైనున్నవాడి లాభం ఎవరూ తట్టి లేపక్కర్లేదు. అంతకుముందు ఆసుపత్రి అనేది సర్కారు బాధ్యత, ఇప్పుడు అమ్మకాలు బాగుంటే అందే దయ. టికెట్టు వద్దని ఎవరైనా అంటే, రోగులకు అడ్డుపడ్డ పాపం కూడా వాళ్లదే.

లాటరీ శాఖ, డ్రా, ఏజెంట్లు ఇవన్నీ తమరికి తలనొప్పి అనిపిస్తే ఈశాన్యం పద్ధతి ఉంది. టికెట్టు మీద రాష్ట్రం ముద్ర ఉంటుంది, పంపిణీ ప్రైవేటు కంపెనీ చూసుకుంటుంది. కంపెనీలకు కృతజ్ఞత ఎక్కువ. 2024 మార్చిలో సుప్రీంకోర్టు బలవంతం మీద ఎన్నికల బాండ్ల జాబితా బయటపడినప్పుడు, దేశంలో అందరికంటే ఎక్కువగా 1,368 కోట్ల బాండ్లు కొన్నది ఉక్కు కంపెనీయో సిమెంటు కంపెనీయో కాదు, ఫ్యూచర్ గేమింగ్ అనే లాటరీ పంపిణీ సంస్థ. అందుకున్నవాళ్లలో తృణమూల్, డీఎంకే, వైఎస్సార్ కాంగ్రెస్, బీజేపీ, కాంగ్రెస్ అందరూ ఉన్నారు. ఆరు రూపాయల టికెట్టు చింపి పారేసిన రిక్షావాడు అన్ని పార్టీలకూ చందా ఇచ్చినట్టే, వాడికి రసీదు అందలేదు గానీ.

మనది లాటరీలు లేని రాష్ట్రం, ఇదంతా కొత్తగా ఎక్కడ మొదలుపెడతామని తమరు జంకుతున్నారా? అయ్యా, అన్నీ ఉన్నాయి. వైన్‌షాపుల డ్రా ఏమిటనుకున్నారు? 2023లో తెలంగాణలో 2,620 దుకాణాలకు 1 లక్ష 32 వేల దరఖాస్తులు, ఒక్కోదానికి 2 లక్షల రుసుము, తగలకపోయినా తిరిగి ఇవ్వరు. ప్రభుత్వానికి కూర్చున్నచోట 2,600 కోట్లకు పైగా. 2025లో రుసుము 3 లక్షలు చేస్తే దరఖాస్తులు 95 వేలకు తగ్గాయి, రాబడి మాత్రం 2,800 కోట్లు దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో 3,396 దుకాణాలకు దాదాపు 90 వేల దరఖాస్తులు, 1,800 కోట్లకు కాస్త తక్కువ. ఫంక్షన్ హాల్లో కలెక్టరుగారు స్వయంగా టోకెను తీస్తుంటే, బంధువులందరి పేర్ల మీద తలా ఒక దరఖాస్తు పడేసినవాళ్లు ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. తగిలినవాడు హాల్లోనే తువ్వాలు ఎగరేస్తాడు. ఓడినవాళ్ల లక్షలు అక్కడికక్కడే ఖజానాలో కలుస్తాయి. గెలిచినవాడి లక్షలు, లైసెన్సు ఫీజు, తోటి దరఖాస్తుదారులతో పంచుకున్న వాటాలు, అన్నీ కలిసి కూలి డబ్బుతో సాయంత్రం క్వార్టరు కొనేవాడి దగ్గర వసూలవుతాయి. అంటే పెద్దలకు లాటరీ, దానికి టికెట్టు డబ్బు పేదలది. కేరళవాళ్లు వచ్చి మన దగ్గర నేర్చుకోవాల్సిన తీరు ఇది.

ఎవరైనా మరీ గట్టిగా నిలదీస్తే చెప్పాల్సిన మాట ఒకటుంది, కంఠతా పట్టండి: ఎవర్నీ బలవంతం చెయ్యడం లేదు కదా. నిజమే, పెళ్లీడుకొచ్చిన కూతురు, కౌలు బాకీ, ఎప్పటికీ పెరగని కూలి, ఇవేవీ తమరు పంపిన బంట్రోతులు కావు.

ఇక ఆఖరుగా ఒక్క హెచ్చరిక. ఇలాంటి రాబడికి మన నేల మీద ఒకసారి పెద్ద దెబ్బ తగిలింది. వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారా ప్యాకెట్లు ఊరూరా అందించిన రోజుల తర్వాత, నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు తిరగబడ్డారు. వాళ్ల ముందు నిలబడ్డ రోశమ్మ పేరు తమరు వినే ఉంటారు. 1993 అక్టోబరు 1న సారా ఆగింది, 1995 జనవరిలో మద్యమే ఆగింది. 1997లో మళ్లీ సర్దుకున్నాం గానీ, ఈలోగా ఖజానాకి పడ్డ చిల్లు ఆర్థికశాఖలో ఇంకా పీడకలగానే చెప్పుకుంటారు. లాటరీకి ఆ ప్రమాదం తక్కువ. సారా తాగినవాడు వాసన కొడతాడు, వీధిలో పడతాడు, పెళ్లాన్ని కొడతాడు. టికెట్టు కొన్నవాడు బుద్ధిగా ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంటాడు. పోయిన యాభై ఎవరి కంటా పడదు.

అయినా ఆ తిరుగుబాటు ఎక్కడ మొదలైందో గుర్తుపెట్టుకోండి. రాత్రి బడిలో. అక్షరాస్యత వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది, తాగుబోతు మొగుడి ఇల్లాలి కథ. చదవడం నేర్చుకున్న ఆడవాళ్లు దాన్ని చదివి సారా దుకాణం ముందు కూర్చున్నారు. అందువల్ల తమరు లాటరీ బిల్లు సభలో పెట్టే ముందే వయోజన విద్య డైరెక్టరుని పిలిపించి వాచకాలు ఒకసారి తిరగేయించండి. కథలుంటే ఉండనివ్వండి, ఇప్పుడెవరూ అంత తీరిగ్గా చదవడం లేదు. కూడికలు, తీసివేతలు కూడా ఫర్వాలేదు, పొదుపు సంఘాలవాళ్లకి ఎలాగూ వచ్చు. యాభైని మూడు వందల అరవై అయిదుతో హెచ్చవేసే లెక్క ఎక్కడైనా కనబడితే మాత్రం ఆ పేజీ కొత్త ముద్రణలో రాకుండా చూసుకోమనండి. ఉత్తర్వు రాతపూర్వకంగా వద్దు, ఫోన్‌లో చెబితే సరిపోతుంది.